కాటా చీటీ

వార్విక్ ఊరి చివర, పశువుల సంత పక్కన
లారీల కాటా నాది.
గోధుమ తూస్తాను, ఎడ్లను తూస్తాను,
సెలవులొస్తే జనం వెంట ఈడ్చుకుపోయే ఇళ్లను తూస్తాను.
వాళ్లు కారవాన్ అంటారు.
నాకది చక్రాలు తొడుక్కున్న సామాను గది.

మార్చిలో ఒక మంగళవారం
చినుకుల్లో వచ్చాడు డెస్మండ్ ప్రయర్.
బండి వెనక చతికిలబడింది,
ముందు చక్రాలు మొహమాటానికి నేలను తాకుతున్నాయి.
కాటా పళ్లెం మూలిగింది.
కారవాన్ ఒక్కటే మూడు వేల అరవై కిలోలు.
టో బార్ రేకు మీద కొట్టిన అంకె
రెండు వేల ఐదు వందలు.

"ఐదు వందల అరవై ఎక్కువుంది సార్."
"లాగుతోందమ్మాయ్, ఏ బాధా లేకుండా లాగుతోంది."
"లాగడం ఇంజను పని సార్. ఆపడం ఎవరి పని?"

ఆయన నవ్వాడు.
లోపల జనరేటరు, రెండు సైకిళ్లు, నిండా నీళ్ల ట్యాంకు,
నోలీన్ స్వయంగా పెట్టిన టమాటా పచ్చడి
నాలుగు డజన్ల సీసాలు, మనవల కోసం.
కిటికీలోంచి ఆమె ఏదో అడిగింది.
ఆయన చీటీ మడిచి టోపీలో పెట్టుకున్నాడు.

మా నాన్న అనకాపల్లిలో బెల్లం తూచేవాడు.
కాటా మాట్లాడదు, కాటా దగ్గరివాడూ మాట్లాడకూడదు, అనేవాడు.
నేను ఆ మాట దాటాను.
దాటినప్పుడల్లా కార్బన్ కాపీ అడుగున
ఒక్క ముక్క రాసుకుంటాను, తెలుగులో.

నీరు పల్లమెరుగు.
ఇనుము ఇంకా బాగా ఎరుగు.
కన్నింగ్‌హామ్ గ్యాప్ దిగుడులో
కారవాన్ మొదట కొంచెమే ఊగిందట,
తాగినవాడు గుమ్మం వెతుక్కున్నట్టు.
తర్వాత బండిని అదే నడిపింది.
ఎదురుగా చిన్న కారులో
రాత్రి డ్యూటీ దిగి ఇంటికెళ్తున్న నర్సు,
ఇరవై ఆరేళ్ల బ్రయనీ.
తుంటి మూడుచోట్ల విరిగింది.
రోడ్డంతా టమాటా పచ్చడి.
ముందు చేరిన పోలీసు కుర్రాడు అది చూసి
కాసేపు పక్కకెళ్లి కూర్చున్నాడట.

బీమా కంపెనీ ఒక్క పేరాలో చేతులు దులుపుకుంది:
రేటింగు దాటిన బండికి పాలసీ లేదు.
బ్రయనీ లాయరు డెస్మండ్‌ను పట్టుకున్నాడు,
డెస్మండ్ లాయరు కారవాన్ అమ్మినవాణ్ణి,
అమ్మినవాడు టో బార్ బిగించినవాణ్ణి,
బిగించినవాడికి ఇంకెవరూ దొరక్క
నన్ను.
ఐదు వందల అరవై కిలోలు
వేడి గిన్నెలా చేతులు మారాయి.

బ్రిస్బేన్‌లో తొమ్మిదో అంతస్తు.
నా కార్బన్ కాపీ బల్ల మీద ఉంది.
"అడుగున ఈ గీతలేమిటి?"
ఫోన్‌లో దుబాసీని పిలిచారు.
ఆమె గొంతు సవరించుకుని చదివింది: చెప్పాను.

"ఎవరు చెప్పారు? ఒకటే మాట ఉంది కదా?"
"అందులోనే ఉందండీ, చివరి అక్షరంలో.
ను అంటే నేను."
"ఎవరికి చెప్పారు?"
అది లేదు.
"ఏమని? ఎంత గట్టిగా?"
అదీ లేదు.

నేను ఆ అక్షరం వంకే చూస్తూ కూర్చున్నాను.
ఆ చిన్న వంపులో మొత్తం నేనే.
డెస్మండ్‌కు చోటు లేదు,
కిటికీలోంచి నోలీన్ అడిగినదానికీ లేదు.

ఆమె అడిగింది ఇదీ:
నీళ్ల ట్యాంకు ఇక్కడే ఖాళీ చేసేద్దామా?
ఆయన్ని కాదు, నన్ను అడిగింది.
నేను అప్పుడు
చిల్లర లెక్కపెడుతున్నాను.

ఈ ఉదయం ఎవరో కుర్రాడు పడవ ఈడ్చుకొచ్చాడు.
రెండు వందలు ఎక్కువ.
చీటీ ఇంకా చింపలేదు.
గేటు కర్ర దించి, గొడుగు మరిచి,
అతని కిటికీ దగ్గర నిలబడ్డాను.
వెనక గోధుమ లారీలు
హారన్ మీద హారన్ కొడుతున్నాయి.
కొట్టనీ.